వారానికి ఒక సంగతి

కళకళ టీవీలో సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఏడింటికి 'ఏడు గడపల ఇల్లు' అనే సీరియల్ వస్తుంది. దానికి మాటలు రాసేది నేను. అందుకని అందులో ఏమీ ఎందుకు జరగదో జనం నన్నే అడుగుతుంటారు. పెళ్ళికి వెళితే పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్ళు అడుగుతారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మూడో అంతస్తు ఆవిడ రోజూ అడుగుతుంది. నా పళ్ళ డాక్టరైతే నా నోట్లో మిషను పెట్టి మరీ అడిగాడు. ఇంతమందికి విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను, చదువుకుని నన్ను వదిలేయండి.

మొదట్లో మా సీరియల్లో సంగతులు జరిగేవి. ప్రకటనలు పోను ఎపిసోడ్ నిడివి ఇరవై రెండు నిమిషాలు. అందులో ఒక పెళ్ళిచూపులు, ఒక తగాదా, ఒక రాజీ సులువుగా పట్టేవి. అత్త వర్ధనమ్మ, కోడలు కస్తూరి, చుట్టూ ఇంకో తొమ్మిదిమంది ఇంటివాళ్ళు. గొప్ప కథ అని నేననను. కానీ సోమవారం ఏడ్చినవాళ్ళు బుధవారానికి కళ్ళు తుడుచుకునేవారు.

వర్ధనమ్మ వేషం వేసేది భ్రమరాంబ గారు. అరవై ఏడేళ్ళ మనిషి. తెనాలి వైపు నాటకాల్లో పెరిగింది, మైకు లేని రోజుల్లో ఆఖరి వరుసవాడికి కూడా మాట అందించిన గొంతు. ఆవిడ టీవీకి వచ్చి పాతికేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు చేత మావాళ్ళు పలికించినవి మూడే మూడు మాటలు: అయ్యో, బాబూ, ముందు భోంచెయ్యి నాయనా. అందుకే ఈ వేషం ఇవ్వజూపినప్పుడు ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఇందులో నాకు మాటలుంటాయా అని మాత్రం అడిగింది. ఉంటాయన్నాను. వర్ధనమ్మ పోయేముందు కోడలికి తను చేసిన అన్యాయమంతా తన నోటితో ఒప్పుకుంటుంది, నాలుగు నిమిషాల సీను, మధ్యలో ఎవరూ అడ్డు రారు అని మాట ఇచ్చాను.

ఆ సీను మా నాయనమ్మనీ మా అమ్మనీ తలుచుకుంటూ ఒక్క బిగిన రాశాను. జీవితంలో నేను రాసిన మాటల్లో నాకు సిగ్గనిపించనివి అవి మాత్రమే. భ్రమరాంబ గారు రెండురోజుల్లో కంఠతా పట్టేసింది. సోమవారం వర్ధనమ్మ చేతిలోంచి కాఫీ కప్పు జారుతుంది, మంగళవారం మంచం ఎక్కుతుంది, బుధవారం డాక్టరు పెదవి విరుస్తాడు, గురువారం మాట్లాడుతుంది, శుక్రవారం పోతుంది. ఇదీ మేం వేసుకున్న లెక్క. దానికి ముందు శనివారం ఛానెల్లో నిడివి విభాగం ఏర్పడింది.

నిడివి విభాగానికి అధిపతిగా వచ్చినాయన పేరు పరాంకుశం. అంతకుముందు ఒక బిస్కెట్ల కంపెనీలో పనిచేశాడు. ప్యాకెట్ సైజు తగ్గకుండా, కొనేవాడికి అనుమానం రాకుండా లోపల బిస్కెట్లని పన్నెండు నుంచి తొమ్మిదికి తెచ్చిన ఘనత ఆయనది. మెడలో స్టాప్‌వాచీ వేసుకుని తిరిగేవాడు. మనిషి నెమ్మదస్తుడే, ఎవర్నీ పరుషంగా ఒక్కమాట అనలేదు. మొదటి మీటింగులో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, మా పాత ఎపిసోడ్ల మీద తను జరిపిన పరిశోధన వినిపించాడు. ఒక్కో ఎపిసోడ్‌లో సగటున మూడు సంగతులు జరిగిపోతున్నాయట. ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది.

"కథ అనునది భూగర్భ ఖనిజం. దాన్ని మీరు విచ్చలవిడిగా తవ్వేస్తున్నారు. రాబోయే ఎపిసోడ్లకు ఏమి మిగులుస్తారు?" అన్నాడు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఇకపై ఒక ఎపిసోడ్ నందు ఒకటికి మించి సంగతి జరగరాదు. సంగతి అనగా, అది జరిగిన పిమ్మట పరిస్థితి అంతకుముందు వలె ఉండకపోవుట. మా డైరెక్టర్ నర్సింగ్ సిద్దిపేట మనిషి, పని తప్ప వేరే గోల తెలియనివాడు. కాఫీ తాగడం సంగతి కిందికి వస్తుందా అని అమాయకంగా అడిగాడు. దాని మీద ఉపసంఘం వేశారు. తాగడం సంగతి కాదు, కప్పు జారడం మాత్రం సంగతే అని ఉపసంఘం తేల్చింది. అది ఎంతదూరం జారితే సంగతి అవుతుందన్న విషయంలో సభ్యులకి ఏకాభిప్రాయం కుదరకపోవడంతో, పూర్తిగా నేలను తాకేవరకూ సంగతి ముగిసినట్టు కాదని పరాంకుశం గారే నిర్ణయించాడు.

ఆ విధంగా సోమవారం వర్ధనమ్మ చేతిలోంచి జారిన కప్పు శనివారం నేలకి చేరింది. మంగళవారం గుప్పిట్లోంచి బయటపడింది. బుధవారం కస్తూరి దాన్ని చూసింది. గురువారం కస్తూరి చూడటాన్ని మిగతావాళ్ళు చూశారు. శుక్రవారం కప్పు గాల్లో ఉండగా వర్ధనమ్మకి తన చిన్నతనం గుర్తొచ్చింది. పగిలిందా లేదా అన్నది వచ్చే సోమవారానికి ఉంచాం. ఆ వారం ఛానెల్ రేటింగు అంతకుముందెన్నడూ లేనంత పెరిగింది. పరాంకుశం గారికి శాలువా కప్పారు. నిబంధన సవరించి, ఎపిసోడ్‌కి ఒక సంగతి కాదు, వారానికి ఒక సంగతి అన్నారు.

మంగళవారం ఎక్కాల్సిన మంచం వర్ధనమ్మ ఐదు వారాలకి ఎక్కింది. భ్రమరాంబ గారు ఎదురుపడ్డప్పుడల్లా ఆ మాటలు నోట్లో ఒకసారి నెమరేసుకుని, చూడు మర్చిపోలేదు అన్నట్టు నవ్వేది.

ఇంతలో యాజమాన్యం సంతోషం పట్టలేక ఎపిసోడ్ నిడివిని ఇరవై రెండు నుంచి ముప్ఫై నిమిషాలు చేసింది. నిడివి పెరిగింది కదా, కథ కాస్త పెంచుకోవచ్చా అని అడిగాను. కథ పెంచితే నిడివి పెంచిన ప్రయోజనం ఏముందని పరాంకుశం గారు నన్నే ఎదురడిగాడు. ఆయన కాగితం మీద లెక్క కట్టాడు. ఏదైనా మాట వినపడగానే మన సీరియళ్ళలో ఒక్కొక్కరి ముఖాన్ని మూడుసార్లు చూపిస్తాం. మూడుసార్లకీ కలిపి ఒక ముఖానికి పన్నెండు సెకన్లు. పెరిగిన ఎనిమిది నిమిషాలంటే నాలుగువందల ఎనభై సెకన్లు. అంటే సరిగ్గా నలభై ముఖాలు తక్కువపడ్డాయి.

నలభైమంది బంధువుల్ని తీసుకున్నారు. వాళ్ళకి మాటల్లేవు, పేర్లు లేవు, వచ్చిన కారణం లేదు. ఉలిక్కిపడటం తెలిస్తే చాలు. చుట్టరికాలు మాత్రం నన్ను రాసిమ్మన్నారు. పదకొండో మనిషికి వర్ధనమ్మ చెల్లెలి తోడికోడలి తమ్ముడు అని రాసేసరికి నాకు నీరసం వచ్చి మిగతా ఇరవై తొమ్మిదిమందినీ 'దూరపు బంధువులు' అని వదిలేశాను. పడగ్గది పట్టలేదు. గోడ తీసేసి మంచాన్ని హాల్లోకి తెచ్చారు, అయినా పదిమంది మేడమెట్ల మీద నిలబడాల్సి వచ్చింది. ముఖాలన్నీ తీయడానికి రెండురోజులు పట్టేది. మొదటిరోజు గడ్డంతో ఉలిక్కిపడ్డ మనిషి రెండోరోజు గడ్డం గీసుకొచ్చి ఉలిక్కిపడేవాడు.

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు సరికదా, అందులో నీలం చొక్కా వేసుకుని తలుపు పక్కన నిలబడే ఒకతనికి అభిమాన సంఘం ఏర్పడింది. అతను ఏదో చేయబోతున్నాడని జనానికి అనుమానం. ఇలాంటి ఆశలు పెరిగితే అతను నిజంగానే ఏదైనా చేయాల్సి వస్తుందని నిడివి విభాగం కంగారుపడింది. అతని చొక్కాని పచ్చచొక్కాగా మార్చి ఆ ప్రమాదాన్ని నివారించారు. రంగు మారడాన్ని అర సంగతిగా లెక్కేసి ఆ వారం మా కోటాలోంచి తగ్గించారు.

అప్పుడే ఒకరోజు మేకప్ గదిలో భ్రమరాంబ గారు నన్ను పిలిచింది. చేతిలో వేన్నీళ్ళ గ్లాసు. మాట కొంచెం బొంగురుగా ఉంది, నేను జలుబనుకున్నాను.

"గొంతులో కంతి లేచిందంట అబ్బాయ్," అంది. "పద్దెనిమిదో తారీకు కోస్తారంట. కోసినాక మాట ఎట్టా ఉంటదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆలస్యం చెయ్యకుండా కోయించుకోమన్నాడు, రెండుసార్లు నేనే వాయిదా ఏశాను. ఇంక కుదరదంట. ఈలోగా ఆ నాలుగు నిమిషాలూ నా చేత చెప్పించు. ఇంకేం అడగను నిన్ను."

ఇరవై రోజుల గడువుంది. నేను తిన్నగా పరాంకుశం గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నిజంగా బాధపడ్డాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. తర్వాత నా నాలుగు పేజీలు తీసుకుని ఎర్ర పెన్నుతో చదివాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, ఇందులో ఏడు సంగతులున్నాయండీ అన్నాడు, ఏడు హత్యలున్నాయన్నంత నెమ్మదిగా. ఏడు సంగతులంటే ఏడు వారాలు. పద్దెనిమిదో తారీకులోగా అయితే ఆవిడ మొదటి రెండు సంగతుల దాకా రావచ్చు, కానీ వచ్చే రెండు వారాల కోటా ఆవిడ నోరు తెరవడానికి ఇప్పటికే కేటాయించేశారు. ఒక వారం పెదవులు, ఒక వారం నోరు.

పోనీ సీను మొత్తం ఇప్పుడే తీసి దాచుకుందాం, తర్వాత మీ ఇష్టమొచ్చినన్ని వారాలు ముక్కలు చేసుకోండి అన్నాను. తీసినది తీసినట్టే లెక్క, తీసిన రోజునే ఏడు సంగతులూ ఖర్చు రాయాల్సి ఉంటుందన్నాడు. అయితే ఆపరేషన్ తర్వాత గొంతు మారిపోతే ఏం చేస్తారని అడిగాను.

"గొంతు మారినచో అది ఒక సంగతి. దానికొక వారం తప్పక మంజూరు చేయిస్తాను," అన్నాడు. నాకు మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు ఆయన.

ఆవిడ రెండు వారాలు మంచం మీద పడుకుని నోరు తెరిచింది. పొద్దున తొమ్మిదింటికి తెరిస్తే భోజనానికి మూసేది, మళ్ళీ తెరిచేది. చుట్టూ నలభైమంది ఉలిక్కిపడేవారు. తెరిచిన నోట్లోంచి మాట రాబోతుండగా నర్సింగ్ కట్ చెప్పేవాడు. చెప్పేటప్పుడు అతను ఆవిడ వైపు చూసేవాడు కాదు.

పదో తారీకున మా ఎండీ గారు సింగపూర్‌లో ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. ఇకమీదట ప్రపంచమంతా ఫోన్లోనే కథలు చూస్తుందట. నిలువు తెర, ఎపిసోడ్ తొంభై సెకన్లు. టీవీ సీరియల్ టీవీలో నడుస్తూ ఉంటుంది, అదే కథ అదే మనుషులతో మధ్యాహ్నం నుంచి ఫోను కోసం వేరే తీయాలి. దీనికీ నిడివి విభాగమే బాధ్యత వహిస్తుంది. పరాంకుశం గారు ఏమాత్రం తొణక్కుండా కొత్త సర్క్యులర్ ఇచ్చాడు. కథ అనునది పొంగిపొరలు జలధార. తొంభై సెకన్లలో ఆరుకు తక్కువ కాకుండా సంగతులు జరగవలెను. కథను కొరత వస్తువుగా భావించు సిబ్బందిపై చర్య తీసుకొనబడును.

నాకు ప్రాణం లేచొచ్చింది. నా దగ్గర ఏడు సంగతులున్న సీను సిద్ధంగా ఉంది. నాలుగు నిమిషాలు తొంభై సెకన్లలో ఎలా పడతాయన్నది ఆ సంతోషంలో నాకు తట్టలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ కాగితాలే ఆయన ముందు పెట్టాను. ఆయన ఎంతో మెచ్చుకున్నాడు, ఒకటి ఎక్కువే ఉందే అని నవ్వాడు కూడా. పదిహేనో తారీకు మధ్యాహ్నం షూటింగు పెట్టారు. ఆ సంగతి చెబితే భ్రమరాంబ గారు నా తల మీద చెయ్యి వేసింది.

పదిహేనున తేలిందేమిటంటే, నిలువు తెరలో మంచం పట్టదు. పడుకున్న మనిషి తల కనిపిస్తే కాళ్ళు కనిపించవు, మొత్తం మనిషి కనిపించాలంటే చీమంత అవుతుంది. ఫోను అడ్డం తిప్పుకుని చూడమని వీక్షకుణ్ణి అడగవచ్చా అంటే, వీక్షకుడికి శ్రమ కలిగించరాదన్నారు. చివరికి మంచాన్నే లేపి గోడకి నిలబెట్టారు. దిండుని మంచానికి మేకులు కొట్టి బిగించారు. భ్రమరాంబ గారిని దాని ముందు నిలబెట్టి, దుప్పటిని భుజాల దగ్గర పిన్నులతో గుచ్చి, పడుకున్నట్టు నిలబడమన్నారు. అరవై ఏడేళ్ళ మనిషి రెండు గంటలు అలా నిలబడింది. మోకాళ్ళు వణుకుతుంటే దుప్పటి కదులుతోందని ఒకసారి ఆపారు.

అన్నీ సిద్ధమయ్యాక ఆవిడ గొంతు సవరించుకుంది. పరాంకుశం గారు మర్యాదగా చేతులు జోడించి, మాట్లాడే అవసరం లేదమ్మా అన్నాడు. ఫోన్లో చూసేవాళ్ళు నూటికి ఎనభైమంది బస్సులోనో ఆఫీసులోనో శబ్దం కట్టేసి చూస్తారట. అందుకని మాటలు తెర మీద అక్షరాల్లో వస్తాయి. నేను రాసిన నాలుగు పేజీల్ని విభాగంవాళ్ళే తొమ్మిది పదాలకి కుదించారు. పెదవులు కదిపితే చాలు. చనిపోవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే టీవీలో ఆవిడ ఇంకా బతికుండాలి.

ఆవిడ పెదవులు కదిపింది. ఎనిమిది సెకన్లలో అయిపోయింది. పిన్నులు తీస్తుంటే నా వైపు చూసింది, నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాను. నాకు చాలా కోపం వచ్చింది. ఆ పూట రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. అది ఇంకా జేబులోనే ఉంది, ఆ సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

పదిహేడో తారీకు ఆవిడకి ఆఖరిరోజు. పొద్దుటి నుంచి టీవీ కోసం నోరు తెరుస్తూనే ఉంది. ఒంటిగంటకి నర్సింగ్ భోజనాలు చెప్పాడు. తీసిన దృశ్యాలు ఎక్కే కెమెరా కార్డులు భోజనం వేళకి నిడివి విభాగానికి అప్పగించి సంతకం పెట్టించుకోవాలి, ఆ రూలు ప్రకారం అప్పగించేశారు. బంధువులు నలభైమంది ప్లేట్లు పట్టుకుని మెట్ల మీదా వరండాలోనూ సర్దుకుని కూర్చున్నారు. భ్రమరాంబ గారు మంచం మీద నుంచి లేవలేదు.

"నర్సింగూ, బువ్వకి ఎంతసేపు టైమిస్తావ్?" అని అడిగింది.

"ముప్పావు గంట అమ్మా."

"అందులో నాకు నాలుగు నిమిషాలియ్యి."

కార్డులు పైనిచ్చేసినం, కెమెరాల ఏం ఎక్కదమ్మా అన్నాడు నర్సింగ్, తల దించుకుని.

"కెమెరా ఎందుకు నాయనా, మనుషులున్నారుగా," అంది ఆవిడ.

కోడలు కస్తూరి వేషం వేసే చైత్ర మైసూరు అమ్మాయి. తెలుగు సరిగ్గా రాదు, పక్కనుంచి అందించిన మాటలే అంటుంది, తర్వాత ఇంకొకరు గొంతిస్తారు. భ్రమరాంబ గారు ఆ పిల్లని చెయ్యి పట్టుకుని మంచం పట్టె మీద కూర్చోబెట్టుకుంది. గొంతు బొంగురుగానే మొదలైంది. రెండు వాక్యాలయ్యేసరికి ఆ బొంగురు ఎక్కడికి పోయిందో తెలీదు.

"నువ్వు కాపరానికొచ్చిన నెలకి నీకు టీచరు ఉద్యోగం కాగితం వచ్చింది కస్తూరీ. అది పోస్టులో పోలేదు. నేనే పొయ్యిలో పెట్టాను. నా కాగితం మా అత్త పొయ్యిలో పెట్టినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఆ పొయ్యి ముందే కూర్చుని ఆ పూటకి అన్నం వండాను. అది ఎంత నొప్పో తెలిసే నీకు చేశాను. నాకు జరిగింది నీకు జరక్కపోతే, నాకు మాత్రమే అన్యాయం జరిగినట్టు ఉండేదే. అది ఓర్చుకోలేకపోయాను."

మధ్యలో ఇంకా చాలా ఉంది. మూడో పేజీకొచ్చేసరికి చేతుల్లో ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు. చైత్రకి ఎన్ని మాటలు అర్థమయ్యాయో నాకు తెలీదు. ఆ పిల్ల ఆవిడ మొహంలోంచి చూపు తిప్పలేదు.

"క్షమించమని అడగను," అంది చివర్లో. "అడిగితే సరే అత్తయ్యా అంటావు. ఇంకో మాట అనడం నీకు ఈ ఇంట్లో నేను నేర్పలేదు."

అయిపోయింది. రెండునెలలుగా ఏ కారణమూ లేకుండా ఉలిక్కిపడుతున్న నలభైమందిలో ఒక్కరు కూడా ఉలిక్కిపడలేదు. పచ్చచొక్కా ఆయన చేతికి పెరుగన్నం అంటుకుని ఉండటంతో మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మెట్ల మీద ఎవరో ముక్కు చీదారు. భ్రమరాంబ గారు గ్లాసుడు నీళ్ళు తాగి, నాకింత అన్నం పెట్టించండి అంది. నాటకాల రోజుల తర్వాత ఆవిడ అంత తృప్తిగా తినడం అదే మొదటిసారి అనుకుంటాను, రెండుసార్లు మారు వడ్డించుకుంది.

పరాంకుశం గారు కూడా అక్కడే, స్తంభం పక్కన ప్లేటుతో నిలబడి విన్నాడు. ఆయన కళ్ళు తడిశాయో లేదో నేను చెప్పలేను. స్టాప్‌వాచీ నొక్కడం మాత్రం చూశాను.

మర్నాడు ఆవిడ ఆపరేషన్ బల్ల ఎక్కిన సమయానికి సెట్లో మెమో అంటించారు. తేదీ పదిహేడున భోజన విరామము నాలుగు నిమిషాల పది సెకన్లు అధికమైనది. సదరు వ్యవధిలో ఏడు సంగతులు అనుమతి లేకుండా, కెమెరా లేకుండా వినియోగించబడినవి. ఒకసారి జరిగిన సంగతి మరల జరుగుట నిబంధనలకు విరుద్ధం కనుక, సదరు సంభాషణను కథ నుండి శాశ్వతంగా తొలగించడమైనది. బంధువులందరూ తాము విన్నదానికి సంజాయిషీ ఇవ్వవలెను.

నేను మెమో పీకి చేత్తో పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. సీను తీసేస్తే మరి రేపటి నుంచి టీవీలో ఏం చూపిస్తారని అడిగాను. ఆయన బీరువా తెరిచి చూపించాడు. ఆవిడ నోరు తెరిచిన దృశ్యాలు పదకొండు గంటల నిల్వ ఉన్నాయి. ముఖాలతో కలిపి వాడుకుంటే ఏడాదికి ఢోకా లేదు, ఆమె హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు అన్నాడు.

మూడోరోజు సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. కంతి పూర్తిగా తీసేశామని, మనిషికి ప్రమాదం లేదని డాక్టరు చెప్పాడు. గొంతు గురించి అడిగితే, గుసగుసలాంటిది రావచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆవిడకి చెప్పారా అంటే, చెప్పామన్నాడు.

ఆరుగురు ఆడవాళ్ళుండే వార్డు. భ్రమరాంబ గారు మెడకి కట్టుతో దిండ్లకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వి పక్కనున్న స్టూలు చూపించింది. నేను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. మెమో సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండగా ఏడయింది. ఎవరో గోడ మీద టీవీ పెట్టారు. మా సీరియల్ మొదలైంది. తెర మీద భ్రమరాంబ గారు మంచంలో పడుకుని ఉంది, పెదవులు మెల్లగా విడిపోతున్నాయి. చుట్టూ ముఖాలు.

పక్కమంచం ఆవిడ పేరు సత్తెమ్మ, జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. టీవీ వంక చూసింది, ఈ మంచం వంక చూసింది, మళ్ళీ టీవీ వంక చూసింది. నెమ్మదిగా లేచి సెలైన్ స్టాండు లాక్కుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అమ్మా, నువ్వే గదా ఆ అత్తవు," అంది. "నాల్గు నెలల సంది చూస్తున్న. నాకూ ఒక కోడలున్నది. ఆ కోడలితోని నువ్వు ఏం చెప్పాలనుకున్నవమ్మా?"

భ్రమరాంబ గారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. నోరు తెరిచింది. మెడ నరాలు బిగిశాయి, కట్టు కదిలింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. వార్డులో మిగతా నలుగురూ దుప్పట్లు తీసి లేచి కూర్చుని ఈ మంచం వైపే చూస్తున్నారు. ఆవిడ నా వైపు తిరిగింది. ఆ మాటలు రాసినవాణ్ణి నేను. నాకు ఒక్క వాక్యం కూడా గొంతు దాటి రాలేదు.

సత్తెమ్మ కాసేపు ఓపిగ్గా ఎదురుచూసింది. తర్వాత ఆవిడ చేతిని రెండుసార్లు తట్టి, స్టాండు పట్టుకుని లేచింది.

"ఇయ్యాల చెప్పదు తియ్యిండ్రి," అంది మిగతావాళ్ళతో. "రేపు చెప్తది."